సెరి అనే మాట, తడిసిన ఆకు

ఆషాఢమాసం గాలికి మా కోలారు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో బస్సు దిగితే మొదట పలకరించేది మనుషులు కాదు, నాలుక మీద పడే దుమ్ము. పోయిన వారం అక్కడ దిగాను. ఆటో పిలుద్దామని నోరు తెరిచేలోగా పళ్ళ మధ్య కరకరమంది. ఊరిని ఆనుకొని బల్లపరుపుగా నిలబడిన ఇసుకదిబ్బల దుమ్ము అది. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, అందులోని బంగారం లాగేసుకొని, మిగిలిన పొడిని తరతరాలుగా అక్కడే పోశారు. గనులు మూసేశారు గానీ దిబ్బలను ఎవరూ మూయలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. నేను ఆ కరకరను కాసేపు నోట్లోనే ఉంచుకున్నాను. దాని వెంట నాకు ఎస్తేరమ్మ టీచరు గొంతు వినిపిస్తుంది. "కళా, నోరు పుక్కిలించి రా పో, తర్వాత మాట్లాడు" అనే గొంతు.

మీరు ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన నేతచీరలో ఉండేది. ఎడమచేతికి చనిపోయిన భర్త గడియారం పెట్టుకునేది. అది ఆమె మణికట్టుకు వదులై, బోర్డు మీద రాస్తున్నప్పుడల్లా మోచేతి దాకా జారేది. ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా పాడేదో సోమవారం క్లాసులో అంత గట్టిగా అరిచేది. మా హైస్కూల్లో సైన్సు చెప్పేది. ఆమెకు తెలియని సంగతి లేదని మా పిల్లలందరి నమ్మకం. నిజం చెప్పాలంటే ఆమె నమ్మకమూ అదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటే మూడే, నాలుగోది చూపిస్తే అది తోక అనగలదు. ఆమె అంటే నాకు భయం ఉండేది, భయం కన్నా ఇష్టం ఎక్కువ ఉండేది. ఈ రోజు నేను కోలారు జిల్లా పల్లెల్లో పట్టుపురుగుల పెంపకం నేర్పే ఉద్యోగం చేస్తున్నానంటే ఆమె చలవే. అయితే ఆమెకు తెలిసిన దానివల్ల నాకు ఎంత మేలు జరిగిందో, తెలియని దానివల్ల అంతకన్నా ఎక్కువ జరిగింది. అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

గనులు మూసిన మూడో ఏడు నేను పదో తరగతి చదువుతున్నాను. మా నాన్న వెంకటేశప్ప భూమి కింద గాలి గ్యాంగులో పనిచేసినవాడు. అంత లోతున పనిచేసే మనుషులకు ఊపిరి ఆడాలంటే పైనుంచి వచ్చే గాలిని దారి మళ్ళించి వాళ్ళ దాకా పంపాలి. అందుకోసం సొరంగాల్లో గోనెపట్టాలూ మందపాటి గుడ్డలూ కట్టడం ఆ గ్యాంగు పని. గని మూతపడ్డాక ఆయన చాన్నాళ్ళు గుమ్మంలోనే కూర్చున్నాడు. తర్వాత, అమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చిన అరెకరంలో మల్బరీ నాటి, ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, పట్టుపురుగులు పెట్టాడు. "జిల్లాలో సగం పల్లెలు పట్టు మీదే బతుకుతాండాయి, మనకేం వచ్చింది?" అని ఆయన ధైర్యం. ఆ అరెకరం దిబ్బల గాలికి ఎదురుగా ఉందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అమ్మ గంగమ్మది రాగి పండించే ఇల్లు. పురుగు మర్మం మాకెవరికీ తెలియదు. వాళ్ళనూ వీళ్ళనూ చూసి, అరకొరగా రెండు పంటలు తీశాం.

ఆ పురుగుల వాసన నా జడలో, నా పుస్తకాల్లో ఉండేది. క్లాసులో నన్ను 'పురుగుల కళ' అనేవారు. నా పక్కన కూర్చునే అమ్మాయి బెంచీ చివరికి జరిగి జరిగి ఒకరోజు కిందపడింది కూడా. నేను నవ్వాను గానీ ఇంటికి వెళ్ళి ఏడ్చాను. నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే గనిలో పనిచేశాడని మాత్రం చెప్పేదాన్ని. మూతపడిన గని పేరు చెప్పుకోవడానికి సిగ్గులేదు, తెరిచి ఉన్న షెడ్డు పేరు చెప్పుకోవడానికి సిగ్గు!

ఇది టీచరు చెవిన ఎలా పడిందో తెలియదు. ఒకరోజు ఒక చెక్కపెట్టెతో క్లాసుకు వచ్చింది. ఆమె భర్త దేవదానం గారు గనిలో రాళ్ళను పరీక్షించే ఆఫీసులో పనిచేసేవారు. ఒక్కొక్క రకం రాయిలోంచి ఒక ముక్క దాచి, చీటీ అంటించి, ఆ పెట్టెలో పెట్టుకున్నారు. టీచరు అందులోంచి ఒక వెండిరంగు ముక్క తీసి తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"కళ్ళు మూసుకొని తాకి చూడు. ఎట్ల ఉండాది?"

"నున్నగా, వేలు జారిపోతా ఉండాది టీచర్."

"కళ్ళు తెరువు. కిటికీ కాడికి పొయ్యి ఎండలో తిప్పు. ఇప్పుడు?"

ఎండలో ఆ రాయి ఒక పక్కకు తిప్పితే మసకగా, ఇంకో పక్కకు తిప్పితే తళుక్కున మెరిసింది. "పట్టుచీర మాదిరి ఉండాది టీచర్" అన్నాను.

"విన్నారా అందరూ? దీని పేరు సెరిసైట్. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి ఈ పిల్ల చెప్పిన మాటే చెప్పినాడు. పట్టు మాదిరి మెరిసే రాయి అని."

తర్వాత బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'సెరి' అని రాసింది. సైన్సు మాటలను బట్టీ పట్టనిచ్చేది కాదామె. ప్రతి పెద్ద మాటకూ ముందు ఒక తల ఉంటుంది, తలను గుర్తుపడితే మనిషిని గుర్తుపట్టినట్టే అనేది. ఆ రోజు చెప్పింది నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. రోమువాళ్ళ లాటిన్ భాషలో పట్టును సెరికం అన్నారట. తూర్పున ఎక్కడో, వాళ్ళెప్పుడూ చూడని దేశంలో పట్టు చేసే జనాన్ని సెరెస్ అనేవారట. ఆ జనం పేరును గ్రీకులు వాడారు, గ్రీకుల దగ్గర రోమువాళ్ళు తీసుకున్నారు, జనం పేరే సరుకు పేరైంది. వందల ఏళ్ళ తర్వాత శాస్త్రజ్ఞులు పట్టు సంగతి ఎక్కడ వస్తే అక్కడ ఆ తలనే తగిలించారు. పట్టుపురుగుల పెంపకానికి సెరికల్చర్ అన్నారు. పట్టులాంటి నూగు ఉన్న ఆకును సెరిషియస్ అన్నారు. దానికి ఉదాహరణగా మేం ఆటస్థలం గట్టు మీద పీకి పారేసే విష్ణుక్రాంతపు ఆకునే మాచేత తెప్పించి, భూతద్దంలో దాని వెండి నూగు చూపించింది.

వెనక బెంచీవాళ్ళకు హుషారు వచ్చింది. ఒకడు లేచి "సీరియల్ గూడా పట్టేనా టీచర్?" అన్నాడు. ఇంకొకడు సిరీస్ అన్నాడు.

"కూర్చోప్పా. సంతలో నీ ముక్కు మాదిరి ముక్కున్నోడు కనబడితే తమ్ముడా అని కౌగిలించుకుంటావా? ముక్కు ఒకటే, తల్లి వేరే. పుట్టుక విచారించుకోవాల" అంది టీచరు. క్లాసంతా గొల్లుమంది.

నవ్వులు తగ్గాక ఇంకో ముచ్చట చెప్పింది. "పట్టు కట్టుకొని తిరిగిన ఆ రోమువాళ్ళు పట్టు యాడ్నించి వస్తుందనుకున్నారో తెలుసా? చెట్ల ఆకుల మీద నూగుంటాదంట. ఆకుకు నీళ్ళు పోసి, దువ్వి, ఆ నూగు తీస్తారంట! పేరుండాది, చీరుండాది, పురుగు మాత్రం తెలీదు. అంత పెద్ద రాజ్యం వాళ్ళకు తెలీని సంగతి ఈ క్లాసులో ఒక్కరికి తెలుసు. కళా, లే. గూళ్ళను వేడినీళ్ళలో యాల వేస్తారు?"

నేను లేచాను. పురుగు తన చుట్టూ దారం చుట్టుకుంటూ జిగురుతో అంటించుకుంటుందనీ, వేడినీళ్ళలో ఆ జిగురు మెత్తబడితేనే దారం కొస దొరుకుతుందనీ చెప్పాను. "ఆ జిగురు పేరే సెరిసిన్" అని బోర్డు మీద రాసింది టీచరు. ఆ తర్వాత ప్రశ్నలు నన్నే అడిగారు. పురుగు ఎన్ని రోజులు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, కరుస్తుందా. గంట కొట్టేదాకా నిలబడే చెప్పాను. మర్నాటి నుంచి పక్కమ్మాయి బెంచీ చివరికి జరగలేదు. ఇంటికి వెళ్ళి ఈ సంగతంతా చెబితే నాన్న చేతిలో ఆకు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. "కింద మేము తవ్విన రాయికీ, ఈడ నేను మేపే పురుక్కీ ఒకటే పేరా?" అని పగలబడి నవ్వాడు. గని మూతపడ్డాక ఆయన అలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

కానీ నవ్వుతో ఇల్లు గడవదు. మా ఎదురింటి సెల్వి అప్పటికే చీకటితో లేచి రైలెక్కి బెంగుళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చేది. నన్నూ తీసుకుపోతానని అమ్మకు చెప్పింది. వయసు ఎవరూ అడగరంది. నాన్న నన్ను షెడ్డులోకి పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. "చూడమ్మా కళా, ఈ పంట నిలిస్తే బడి. నిలవకపోతే రైలు. నేను ఇంగేం చేసేకి లేదు." సెల్వి మంచి పిల్ల, ఆమె పనీ మంచి పనే. కానీ నాకు చదువు కావాలి. బోర్డు ముందు నిలబడి చెప్పిన ఆ గంట నాకు మళ్ళీ కావాలి. ఆ పంట మీద నాన్న ఎంత ఆశ పెట్టుకున్నాడో నేనూ అంతే పెట్టుకున్నాను.

పట్టుపురుగు పెరిగేలోగా నాలుగుసార్లు మేత మాని పడుకొని చర్మం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. మూడో జ్వరం లేచిన రోజే ఆషాఢం గాలి మొదలైంది. దిబ్బల మీద నుంచి తెల్లని దుమ్ము లేచి మల్బరీ తోట మీద పడింది. ఆకులు పిండి జల్లినట్టయ్యాయి. ఆకలి మీదున్న పురుగులు ఆకు అంచు కొరికి, తల ఎత్తి, ఊరికే ఉండిపోయాయి. నేను పరుగున వెళ్ళి టీచరును తీసుకొచ్చాను. ఆమె ఒక ఆకు తీసుకొని భూతద్దం పెట్టి చూసి మండిపడింది.

"ఈ దుమ్ము మీరు తింటారా? తినరు గదా. మరి నోరులేని దానికి యాల పెడతారు? కడగండి. ప్రతి ఆకూ కడిగి పెట్టండి."

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. దిబ్బల నీడలో పుట్టినవాళ్ళకు కడగడం ఒక మతం. కడిగి బోర్లించిన కంచాన్ని అన్నం వడ్డించేముందు మళ్ళీ కడుగుతాం. కుర్చీని తుడవకుండా చుట్టాన్ని కూర్చోమనం. పెళ్ళిచూపుల్లో పిల్ల వంట ఎలా చేస్తుందని కాదు, కంచం ఎన్నిసార్లు కడుగుతుందని చూస్తారని మా అవ్వ ఎగతాళి చేసేది. కాబట్టి టీచరు మాటలో ఎవరికీ తప్పు కనిపించలేదు. అమ్మ ఒక్కతే నసిగింది.

"తడి ఆకు పెట్టకూడదని ఎవరో అన్నట్ల గుర్తు టీచరమ్మా..."

"ఎవరో అంటే ఎవరు గంగమ్మా? దుమ్ము కడుపులోకి పోయేదానికంటే నీళ్ళు పోయేది మేలు కాదా?"

"టీచరమ్మ చెప్పింది గదా, ఇంగేంది నీ సందేహం?" అన్నాడు నాన్న.

కడిగాం. గంగాళాల నిండా నీళ్ళు పోసి, బుట్టలు బుట్టలుగా ముంచి తీసి, నీళ్ళు కారుతుండగానే పురుగులున్న తట్టల్లో వేశాం. క్లాసు పిల్లలు నలుగురు సాయం వచ్చారు. టీచరు చీర కుచ్చిళ్ళు దోపుకొని తానూ కూర్చుంది. పురుగులు ఆవురావురుమని తిన్నాయి. "చూసినారా" అంది ఆమె. రెండు రోజులు అందరం పండగ చేసుకున్నట్టు తిరిగాం. మూడో రోజు పురుగులు కదలడం తగ్గించాయి. నాలుగో రోజు ముట్టుకుంటే మెత్తగా, నీళ్ళసంచుల్లా తగిలాయి. తర్వాత నల్లబడి, షెడ్డులో కాలు పెట్టలేనంత వాసన కొట్టింది. నాన్న తట్టలన్నీ మోసుకెళ్ళి తోట మూలన గొయ్యి తీసి పూడ్చాడు. ఎవరినీ సాయం రానివ్వలేదు. చేతులు కడుక్కొని వచ్చి, "సోమవారం నుంచి సెల్వితో పంపిస్తాను" అని అమ్మతో చెప్పాడు. నా ముఖం చూడలేదు.

నాకు టీచరు మీద కోపం రాలేదా అంటే, వచ్చింది. చాలా వచ్చింది. శనివారం పొద్దున్నే ఆమె మా గుమ్మంలోకి వచ్చి "కళా, నాతో బూదికోటకు రా" అన్నప్పుడు ముఖం తిప్పుకొనే బయల్దేరాను. బస్సులో ఆమె పక్క సీటు వదిలి వెనక కూర్చున్నాను. బూదికోటలో మునెమ్మ అని ఒకామె ఉందనీ, ఆమె షెడ్డులో పంట తప్పినట్టు విన్నవాళ్ళు లేరనీ టీచరు ఎవరి దగ్గరో తెలుసుకుంది. మునెమ్మ వాకిట్లో ఆకు తరుగుతోంది. పనిచెయ్యి ఆపకుండానే మా కథంతా విని, ఒకటే అడిగింది.

"కడిగి ఆరబెట్టి వేసినారా, తడితో వేసినారా?"

"తడితోనే" అంది టీచరు.

"అయ్యో తల్లీ! పురుగు నీళ్ళు తాగదు. ఆకులో ఉండే పసరే దానికి నీళ్ళు. పైన నీళ్ళుంటే కడుపు చెడతాది, రోగం అంటుకుంటాది. మా ఇంట్లో ఐదేండ్ల బిడ్డకు తెలుసు ఈ మాట."

"నాకు యాభై ఏండ్లు. తెలీలేదు."

"తెలీకపోతే అడగాల. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అని, ఎస్తేరమ్మ టీచరు ముఖం చూసి మునెమ్మ కాస్త మెత్తబడింది. "రా, కూర్చో. ఇప్పుడైనా అడిగినావు గదా."

ఆ రోజు మధ్యాహ్నం దాకా టీచరు నేల మీద కూర్చొని ప్రశ్నలు అడుగుతూ రాసుకుంది. నా నోటుపుస్తకం లాంటిదే ఆమె నోటుపుస్తకం కూడా. మునెమ్మ చెప్పింది ఒకసారి అర్థం కాకపోతే రెండోసారి అడిగేది. ఎంత చిన్న పురుగుకు ఎంత సన్నగా తరగాలో అడిగి, తానే తరిగి చూపించింది. మునెమ్మ పెదవి విరిస్తే మళ్ళీ తరిగింది. మా బడిలో ఎవరికైనా చెబితే నమ్మేవారు కాదు. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి మా వాకిట్లో నలుగురైదుగురు ఇరుగుపొరుగు వాళ్ళు కూర్చొని నాన్నను ఓదారుస్తున్నారు. అమ్మ కుర్చీ తుడిచి వేసింది. టీచరు కూర్చోలేదు.

"వెంకటేశప్పా, గంగమ్మా, మీ పంట పోయింది నా మాట వల్ల. తడి ఆకు పెట్టకూడదు. నాకు పురుగు సంగతి తెలీదు. తెలీదని చెప్పకుండా తెలిసినట్ల చెప్పినాను" అంది.

నాన్న కంగారుపడి లేచాడు. "అట్లనేది ఏంది టీచరమ్మా! మీరేం చేస్తారు? మా టైము బాగలేదు. ఏ దిష్టో తగిలింటాది."

"దిష్టి మీదికి తొయ్యద్దండప్పా. చెప్పింది నా నోరు. గంగమ్మ వద్దనింది ఆ పొద్దు. ఆమె మాటే సరి. నేను విన్లేదు."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చేసింది. పంట పోయినప్పుడు ఏడవని మనిషి. తన మాటే సరి అని నలుగురి ముందు ఎవరో చెప్పడం ఆమె జీవితంలో అదే మొదటిసారేమో. నాన్న తలవంచుకున్నాడు, ఎందుకంటే ఆ రోజు ఆమె నోరు మూయించింది ఆయన కూడా. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఇంత పెద్ద టీచరు, ఇంతమంది ముందు నిలబడి తప్పు నాదే అంటే ఆమె చిన్నబోవాలి కదా, ఎందుకు ఇంకా పెద్దగా కనిపిస్తోంది అనుకున్నాను.

"ఇంకొక్క పంట పెట్టండి. అంతవరకు కళను బడికి పంపించండి. నేను అడిగేది అంతే" అంది టీచరు.

"పెడితే మట్టుకు? తడితో పెడితే చస్తాది, ఆరబెట్టేలోగా ఆకు వాడిపోతాది, కడక్కపోతే తినదు. ఆ దుమ్మును ఏం చేసేది టీచరమ్మా?" అన్నాడు నాన్న.

"అది నాకు తెలీదు. మునెమ్మకూ తెలీదంట, వాళ్ళ ఊర్లో దిబ్బలు లేవు. మిమ్మల్నే అడుగుదామని వచ్చినాను. కింద అంత లోతులో గాలిని మీరెట్ల తిప్పినారు?"

గని మూసినప్పటి నుంచి ఆ పని గురించి నాన్నను ఎవరూ అడగలేదు. ఆయన ఒక పుల్ల తీసుకొని నేల మీద గీత గీశాడు, దానికి ఏటవాలుగా ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. "గాలికి ఎదురుగా కట్టకూడదు టీచరమ్మా, గుడ్డ చినిగిపోతాది. ఓరగా కట్టాల. గాలిని నిలిపేది కాదు మా పని, పక్కకు తోసేది. యాడికి కావాలంటే ఆడికి పొయ్యేది అది" అన్నాడు. చెబుతూ చెబుతూ ఆయన గొంతు పెరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ఆయన పాత గ్యాంగువాళ్ళే. వాళ్ళూ వంగి గీతలు దిద్దడం మొదలుపెట్టారు. మర్నాడే గుంజలు పాతారు. అందరి ఇళ్ళ నుంచి పాత గోనెసంచులు తెచ్చి విప్పి కుట్టి, దిబ్బల వైపు వరుసలు వరుసలుగా ఓరగా కట్టారు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, ఇదేం నాటకం తెర అని నవ్వారు. దుమ్ము పూర్తిగా ఆగలేదు గానీ తోట పక్కనుంచి జారి బీడు మీదికి పోయింది. ఆకులు మళ్ళీ పచ్చగా కనిపించాయి.

షెడ్డు కడిగి, సున్నం కొట్టి, ఆరబెట్టి, శ్రావణంలో కొత్త గుడ్లు తెచ్చాం. పురుగులు చిన్నగా ఉన్నంతకాలం టీచరు రోజూ బడికి ముందు వచ్చేది. నేనూ ఆమే ఎదురెదురుగా కూర్చొని ఒక్కొక్క ఆకునూ పొడిగుడ్డతో తుడిచేవాళ్ళం. ఆమె చేయి నాకన్నా నిదానం. "టీచర్, ఈ లెక్కన పురుగులు ముసలివైపోతాయి" అంటే నవ్వేది. పెద్దవైనాక దులిపి వేస్తే సరిపోయింది. క్లాసులోనూ ఆమె ఏదీ దాచలేదు. ఆకుకు నీళ్ళు పోస్తే పట్టు వస్తుందనుకున్న రోమువాళ్ళను చూసి మిమ్మల్ని నవ్వించినాను గదా, నేనూ అదే పని చేసినాను, ఇప్పుడు నన్ను చూసి నవ్వండి అంది. ఎవరూ నవ్వలేదు. తర్వాత సుద్దముక్క నా చేతికిచ్చి, తడి ఆకు ఎందుకు పెట్టకూడదో నన్ను చెప్పమని, తాను వెళ్ళి రెండో బెంచీలో కూర్చుంది.

నాలుగో జ్వరం దాటింది. పురుగులు పండి, ఒళ్ళు మెరిసి, గూడు కట్టడానికి తలలు ఊపాయి. వెదురుతో అల్లిన తడికల్లాంటి చంద్రికల మీదికి ఎక్కించాం. నాలుగు రోజులు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు. ఐదో రోజు నాన్న ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి చూశాడు, వేళ్ళతో నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. చంద్రిక నిండా గూళ్ళే. ఆ సాయంత్రం పని నుంచి తిరిగి వస్తూ సెల్వి మా గుమ్మం ముందు ఆగింది.

"ఏమప్పా, మా సూపర్వైజరు మళ్ళీ అడుగుతాండాడు. కళను పంపిస్తారా?"

నాన్న గూళ్ళు ఏరుతూనే ఉన్నాడు. "కళ రాదమ్మా. దానికి బడుండాది" అన్నాడు.

టీచరు రిటైరై చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళ కిందట చనిపోయింది. నేను డిగ్రీలో సెరికల్చర్ తీసుకున్నానని చెప్పడానికి వెళ్ళినప్పుడు, ఆ తల ఇంకా ఏ మాటలకు తగిలించారో చెప్పమని అడిగి, నేను చెప్పినవన్నీ రాసుకుంది. ఆమె లేని లోటు నాకు తీరదు. మాట పుట్టుక తెలుసుకోవడం మంచిదే, అది నాకు ఒక వంశాన్ని ఇచ్చింది, తలెత్తుకొని తిరగనిచ్చింది. కానీ మాట తెలిసినంత మాత్రాన పురుగు తెలిసినట్టు కాదు. తెలియదని చెప్పడానికీ, తప్పైతే తప్పని చెప్పడానికీ గొంతు తడబడకూడదు. ఈ రెండో పాఠం ఏ బోర్డు మీదా రాసింది కాదు.

మొన్న మాస్తి దగ్గరి ఒక పల్లెలో రాధమ్మ అనే రైతుకు తట్టల మీద సున్నం చల్లమని చెప్పి వచ్చాను. ఇంటికి చేరాక గుర్తొచ్చింది, పురుగులు జ్వరంలో ఉన్నాయా, లేచి మేత వెతుకుతున్నాయా అని నేను అడగనే లేదు. పడుకున్న పురుగు మీద చల్లాల్సిన సున్నం అది, మేత తినే పురుగు మీద కాదు. వెంటనే ఫోను చేసి ఆపమన్నాను. మర్నాడు మొదటి బస్సుకు మళ్ళీ వెళ్ళాను. ఆమె వాకిట్లో ఇరుగమ్మలు ముగ్గురు ఉన్నారు, పదో తరగతి చదివే కూతురు ఉంది. వాళ్ళందరి ముందే, నిన్న నేను చెప్పింది తప్పక్కా, అడక్కుండా చెప్పినాను అన్నాను.

రాధమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఫోన్లో చెప్పితివి గదా. నేనూ చల్లలేదు. పంటకేం కాలేదు. ఈ ఒక్క మాటకు ఇంత దూరం బస్సెక్కి వచ్చినావా?"

"వచ్చినానక్కా."

"సరే, పంట పోయింటే? అప్పుడూ ఇట్లే వచ్చేదానివా?"

"వచ్చేదాన్నే" అన్నాను. "కుర్చీ వేసినా కూర్చునేదాన్ని కాదు."